బొగ్గుకి కరెంటు పెట్టడానికి మొగిలిపాళెం వెళ్ళినప్పుడు

కావలికి తూర్పున బకింగ్‌హామ్ కాలవ దాటితే అంతా ఇసక. ఆ ఇసకలో సరుగుడు తోపులు, మొగలి పొదలు, వాటి అవతల సముద్రం, తోపులకీ సముద్రానికీ నడుమ మొగిలిపాళెం అనే చిన్న పల్లె. చూసి రావడానికని అక్కడికి ఎవరూ పోరు. నేను పోయిందీ చూడటానికి కాదు, రెండు బస్తాల బొగ్గును బాగు చేయడానికి. తిరిగి వచ్చిన దగ్గర్నించి మిత్రులు, ‘బొగ్గును బాగు చెయ్యటమేమిటయ్యా, అది బాగుండకపోవడమేమిటి?’ అని నవ్వుతున్నారు. కనుక ముందు ఆ సంగతి చెప్పి తర్వాత బయల్దేరతాను.

మొగిలిపాళెంలో ఒక కాన్పుల ఆస్పత్రి ఉంది. ఆస్పత్రి అంటే ఒక గది, రెండు మంచాలు, రూతమ్మ అనే నర్సు. అక్కడి బావి నీళ్ళు ఉప్పగా ఉండవు కాని, చుట్టూ మొగలి ఆకు కుళ్ళడం వల్ల టీ డికాషన్ రంగులో ఉంటాయి, ముక్కు మూసుకోకుండా తాగలేం. నేను పనిచేసే ప్రయోగశాలవాళ్ళు అంతకు ముందు ఆ బావి పక్కన ఒక తొట్టి కట్టించి, కొబ్బరిచిప్పల బొగ్గు నింపి ఇచ్చారు. ఆ బొగ్గు పలుకుల్లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. నీళ్ళు వాటి మీదుగా పారితే రంగూ వాసనా ఆ రంధ్రాల్లో పట్టుకుపోయి, తేట నీళ్ళు కిందికి వస్తాయి. రంధ్రాలు నిండిపోయాక బొగ్గు ఉండీ లేనట్టే. ఇప్పుడు ఆ స్థితి వచ్చింది. ఊరివాళ్ళు మళ్ళీ కాలవ నీళ్ళకు పోతున్నారు. పిల్లలకు విరేచనాలు మొదలయ్యాయి.

కొత్త బొగ్గు మద్రాసు నుంచి తెప్పిస్తే వర్షాల నాటికి వస్తుంది. ఆస్పత్రి నడిపే కమిటీవారు అంతదాకా ఆగరు. ఈ నెలాఖరుకి మంచినీళ్ళు లేకపోతే మంచాలను కావలికి మార్చేస్తామని రూతమ్మకు చెప్పేశారు. మొగిలిపాళెం నుంచి కావలి రావాలంటే ఇసకలో నడక, కాలవ మీద పడవ, ఆపైన బండి, ఆపైన బస్సు. నొప్పులు పడే మనిషి అన్ని వాహనాలు మారలేదు.

పాతబొగ్గును గాలి తగలకుండా ఎర్రగా కాలిస్తే పట్టుకున్న మలినం ఆవిరై పోతుంది, రంధ్రాలు మళ్ళీ ఖాళీ అవుతాయి. మామూలు కొలిమిలో పెడితే పై పలుకులు బూడిదవుతాయి, లోపలివి పచ్చిగా ఉంటాయి. బొగ్గు కరెంటును తన గుండా పోనిస్తుంది కదా, దాన్నే తీగగా వాడుకుంటే ప్రతి పలుకూ లోపలినుంచి వేడెక్కుతుంది. ప్రయోగశాలలో గాజు గొట్టంలో, గుప్పెడు బొగ్గుతో ఇది చేసి చూశాను. బస్తాలతో ఎవరూ చేసి చూడలేదు. నా ఆదుర్దా అంతా అదే.

నెల్లూరు: సినిమా హాలు వెనక

కావలి దాటి నెల్లూరు దాకా పోయి వెనక్కి రావలసి వచ్చింది. నాకు కావలసినవి: వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరు, లోపల ఇటుక అతికించిన ఇనప డ్రమ్ము, మూతకి బంకమట్టి, అంపియర్లు చూపే మీటరు, కరెంటు లోపలికి పంపడానికి కర్బన కడ్డీలు. మొదటి నాలుగూ ఒక వర్క్‌షాపులో సమకూడాయి. కడ్డీలు సినిమా హాలులోనే దొరుకుతాయి, బొమ్మ వేసే మిషనులో దీపానికి బదులు వాటినే మండిస్తారు. సగం అరిగినవాటిని ఆపరేటరు ఒక డబ్బాలో దాచి ఉంచాడు.

“ఇవి మీకెందుకు సార్, అరిగిపోయినవి?”

“బొగ్గులోకి కరెంటు పంపడానికి.”

“మేమూ చేసేది అదే గదా. మాకు బొమ్మ పడతది. మీకేం పడతది?”

“నీళ్ళు తేటపడతాయి.”

“అయితే మీ ఆటే మేలు. మాది నడిమధ్యలో తెగితే కుర్చీలు ఇరగ్గొడతారు.”

ఈలోగా మాట్నీకి గంట మోగింది. అతను నా చేతిలో డబ్బా పెట్టి మెట్లెక్కి పోయాడు.

రాత్రికి కావలి చేరి కారం దోసె తిన్నాను. మా భీమవరం వైపు దోసెలో ఇంత ఎండుమిరపకారం పూసే సాహసం ఎవరూ చేయరు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే హోటలాయన రెండణాలన్నాడు. లెక్కకు అవి పన్నెండున్నర కొత్త పైసలు, పన్నెండు ఇచ్చాను. పదమూడన్నాడు. మా ఊళ్ళో పన్నెండేనన్నాను. “మీ ఊళ్ళో కారం ఎంతేస్తారో అంతకే తీసుకుంటారు సార్!” అన్నాడు. పదమూడే ఇచ్చాను.

కాలవ గట్టు: పెంచల్రెడ్డిగారి మిల్లు

మొగిలిపాళెంలో కరెంటు లేదు. కాలవకు ఇవతల గట్టు మీద, వరి పొలాల చివర, పెంచల్రెడ్డిగారి బియ్యం మిల్లు దాకా మాత్రం స్తంభాలు వచ్చాయి. అందుచేత బొగ్గునే పడవలో ఇటు దాటించారు. నేను చేరేసరికి రెండు బస్తాలూ మిల్లు అరుగు మీద ఉన్నాయి, పక్కన రూతమ్మ ఉంది. నలభై దాటిన మనిషి, తెల్లచీర, చేతిలో గొడుగు. నన్ను చూసి మొదట అడిగిన మాట, “ఎంత సేపట్లో ఐతది సార్?”

రెడ్డిగారు బనియనూ పంచెతో వచ్చి డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగారు.

“బొగ్గు కాల్చి కరెంటు తీస్తారని విన్నాం. మీరు కరెంటు పెట్టి బొగ్గు కాలుస్తామంటారు. లోకం ఇట్ట తిరగబడిందేందబ్బా!”

కాలిపోదనీ, శుభ్రపడుతుందనీ చెప్పాను. “మా సిస్టరమ్మ చెప్పింది కాబట్టి ఒప్పుకున్నా. కానీండి, కానీండి” అన్నారు.

డ్రమ్ము నింపి, మూతకు మట్టి మెత్తి, ఆవిరి పోవడానికి చిన్న గొట్టం వదిలి స్విచ్చి వేశాను. మీటరు ముల్లు ఆ చివరకు పోయి కొట్టుకుంది. డ్రమ్ములోపల పిడుగు పడ్డట్టయింది, మిల్లంతా ఆగిపోయింది. బెల్టు చప్పుడు ఆగేసరికి గట్టు మీద కొంగలు కూడా లేచిపోయాయి.

“పోయె!” అన్నారు రెడ్డిగారు. కోపంగా కాదు, పందెంలో గెలిచినవాడిలా.

ఫ్యూజు తీగ మార్చి మళ్ళీ వేశాను. మళ్ళీ పోయింది. నా లెక్క ప్రకారం అంత కరెంటు పోవడానికి వీల్లేదు. కడ్డీలు చూశాను, తీగలు చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి ఒక బొగ్గు పలుకు తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు! ఉప్పుతడి ఉంటే కరెంటుకు అడ్డేముంటుంది? కాని ఉప్పగా లేని బావి తాలూకు బొగ్గుకు ఉప్పెక్కడిది?

రూతమ్మ ముఖం మారింది. “కమిటీ మీటింగుకని నేను కావలి పోయి ఉంటి సార్. ఆ రెండు రోజుల్లో మావాళ్ళేదో చేసినారు. పదండి, అడుగుదాం.”

మొగిలిపాళెం

పడవ దిగి ఇసకలో నడుస్తుంటే నా బూట్లు బరువెక్కాయి, విప్పి చేతిలో పట్టుకుంటే కాళ్ళు కాలాయి. నన్ను చూసి తాటిముంజలమ్మే ఆమె నవ్వింది. సరుగుడు తోపు నీడ పట్టుకుని పోవాలిట. ఆ సంగతి తోపు అయిపోయాక చెప్పింది.

పల్లెలో ఆడవాళ్ళకు పెద్ద పోలమ్మ. ఎండు చేపల బుట్టలు కట్టిస్తూ ఇసక మీదే కూర్చుని ఉంది. రూతమ్మ అడగగానే దాచకుండా చెప్పింది.

“కడిగినాం సిస్టరమ్మా. వల కంపుగొడితే ఏం జేస్తాం? సముద్రంలో జాడించి ఇసక మీద ఎండేస్తాం. దీన్నీ అట్టనే చేసినాం. ఎండకి పోని కంపు ఉండాదా?”

“ఎక్కడ ఎండబెట్టారు?” అన్నాను.

“ఇంకేడ సారూ? చేపలెండేసే కాడ. ఆడయితే కాకుల కాపలా ఉంటది గదా.”

ఎండు చేపల పక్కన! లోకంలో ఏ వాసన ఎదురైనా పట్టుకుని దాచుకునే వస్తువును తీసుకుపోయి అక్కడ పరిచారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రూతమ్మ నా వైపు చూసి మెల్లగా అంది: “వల మీద ఎంత శ్రద్ధ పెడతారో దీని మీదా అంతే పెట్టినారు సార్. తొట్టి దింపింది వీళ్ళే, మోసింది వీళ్ళే.”

ఉప్పు వేడికి పోదు, నీళ్ళతో కడిగితేనే పోతుంది. మంచినీళ్ళు పల్లెలో కరువు. ఉన్నదల్లా ఆ కంపు బావి. ఆలోచిస్తే అది చాలు, అందులో ఉప్పు లేదు కదా. దాని కంపు ఎలాగూ కరెంటుకు పోతుంది. బస్తాలను ఇటు దాటించి బావి దగ్గర బొగ్గు కడగమన్నాను.

పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “కంపు నీళ్ళతో కడిగి కంపు పోగొడతావా? సదువుకున్నోళ్ళ లెక్క మా లెక్క కంటే వింతగుండాదే!”

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. అయినా కడిగారు. బిందెల మీద బిందెలు తోడి, నేను నాలిక మీద పెట్టుకుని చాలు అనేదాకా కడిగారు. నా పళ్ళు నల్లబడటం వాళ్ళకు ఇంకో నవ్వు.

ఆ రోజు రూతమ్మ పెట్టిన భోజనం: ముతక బియ్యపు అన్నం, మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు. మా వైపు చేపల పులుసులో చింతపండే తప్ప మామిడికాయ వేయరు. ఇకమీదట మా ఇంట్లోనూ వేయమని చెప్పాలనుకున్నాను. తినేముందు ఆమె ప్రార్థన చేసింది. కళ్ళు మూసుకోకుండా నేను లోటాలోకి చూస్తున్నాను. నాకు పోసిన నీళ్ళు కాచి చల్లార్చినవి. కాచినా రంగు పోలేదు.

మళ్ళీ మిల్లు

బొగ్గు ఆరాక మళ్ళీ ఇటు దాటించాం. ఈసారి ముల్లు నేననుకున్న చోట నిలబడింది. అడ్డగోలు చప్పుళ్ళు లేవు. డ్రమ్ము వేడెక్కుతోంది. నేను మొదటిసారి అరుగు మీద కూర్చున్నాను.

కూర్చుని ఎంతోసేపు కాలేదు. గొట్టంలోంచి పొగ మొదలైంది. మొగిలిపాళెం ఇసక మీద ఎండిన చేపలన్నిటి వాసనా ఆ పొగలో ఉంది. సముద్రపు గాలి దాన్ని తిన్నగా మిల్లులోకి మోసింది. అప్పుడే ఆడించిన బియ్యం కుప్పగా ఉంది. వడ్లు తెచ్చిన రైతు ఒకాయన దోసిలితో బియ్యం తీసి వాసన చూసి, రెడ్డిగారి మీద పడ్డాడు.

“ఏందిది రెడ్డీ! మేం పెళ్ళికని ఆడించుకుంటిమి. ఈ బియ్యంతో పొంగలి వండితే చేపల పులుసు అనుకోరా?”

రెడ్డిగారు స్విచ్చి తీసేశారు. నా వైపు తిరిగి చేతులు జోడించారు, తిట్టినా బాగుండేది. “చాల్సార్. మీ బొగ్గుకి దండం. మిల్లు ఆడేటప్పుడు ఇది కుదరదు.”

“మిల్లు ఎప్పుడు ఆడదండీ?”

“కోడికూత నించి పగలంతా ఆడతది. పొద్దు కూకితే తాళం, పొట్టు కుప్పల్లో రాత్రిపూట నిప్పు పెట్టనియ్యను. ఇంక అమావాస్యకే సెలవు.”

నెలాఖరుకి ముందు అమావాస్య ఉంది. ఆ మాట నేననబోయేలోగానే ఆయన తల అడ్డంగా తిప్పారు.

“ఆ రోజు మా మిల్లులో యంత్రం తిప్పం. మా నాయన కాలం నించీ అంతే. బెల్టులు దించి, కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టుకుంటాం. అమావాస్య నాడు తిప్పినోళ్ళకి ఏళ్ళు పోయినాయి, చేతులు పోయినాయి.”

మాకైతే వర్క్‌షాపుల్లో ఆయుధపూజ ఏడాదికి ఒక్కరోజే. ఇక్కడ నెలనెలా. గట్టు మీద అటూ ఇటూ తిరగటం మొదలుపెట్టాను. మద్రాసు కబురు పెడితే? ఆయిల్ ఇంజను ఎవరి దగ్గరైనా ఉంటే? బొగ్గును కావలి మోసుకుపోతే? మూడింటికీ అడ్డాలు నాకే తెలుసు.

రూతమ్మ గొడుగు ముడిచి రెడ్డిగారి ఎదురుగా అరుగు అంచున కూర్చుంది.

“తిప్పబాకండి రెడ్డిగారూ. మిమ్మల్ని తిప్పమన్నదెవరు? ఈ సారు డ్రమ్ములో తిరిగేదేముంది?”

రెడ్డిగారు నన్ను పిలిచారు. “ఏం సార్, దీన్లో చక్రం ఉండాదా?”

“లేదండీ.”

“బెల్టు?”

“లేదు.”

“పళ్ళచక్రం? బేరింగు? లోపల యాడన్నా దాక్కొని తిరిగేదేమన్నా?”

“ఏదీ లేదండీ. కడ్డీలు, తీగ, బొగ్గు. అన్నీ పెట్టిన చోటే ఉంటాయి.”

ఆయన వక్క నములుతూ డ్రమ్ము చుట్టూ ఇంకోసారి తిరిగారు. వడ్లు తెచ్చిన రైతు కూడా తగువు మరిచి వెంట తిరిగాడు. చివరికి ఆ రైతే అన్నాడు: “తిరగంది యంత్రమెట్టయితది రెడ్డీ? పొయ్యి గదా అది.”

“పొయ్యే,” అన్నారు రెడ్డిగారు నిదానంగా. “అమావాస్యని పొయ్యి ఎలిగించకుండా కూడు తిన్నోడెవడు? సరే. కాని ఆ కంపు నా గోడకి తగలకూడదు.”

దానికి జవాబు, మిగిలిన బొగ్గు తెచ్చిన పోలమ్మ పడవలోంచే చెప్పింది. “తెల్లారుజామున గాలి గట్టు మీంచి సముద్రానికి పోతది రెడ్డిగారా. అప్పుడు పెట్టుకోండి. ఆ కంపు మా మీదికొస్తే రానీ. మాకది కొత్తా?”

అమావాస్య

ఆ రోజు వచ్చేదాకా ఆస్పత్రి వరండాలో నా పడక. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. తొట్టి గోడల పగుళ్ళు పూడ్చాను, కింద గులకరాళ్ళు కడిగి మళ్ళీ పేర్చాను. రూతమ్మ మాత్రం రోజూ తన పని తాను చేసుకుంటూ, వచ్చిన ప్రతి గర్భిణికీ ‘నీ కాన్పు ఇక్కడే’ అని చెబుతూ ఉండేది. ఏ ధైర్యంతో అలా అంటున్నారని ఒకసారి అడిగాను. “మీరుండారు గదా” అంది. ఆ మాట తర్వాత నాకు నిద్ర మరీ తగ్గింది.

అమావాస్య నాడు మిల్లు బెల్టులు పాములు పడుకున్నట్టు కింద పడి ఉన్నాయి. రెడ్డిగారు తన యంత్రాలకు కుంకుమ పెట్టి, నా డ్రమ్ము దగ్గరికి వచ్చి కాస్త తటపటాయించి, దానికీ ఒక బొట్టు పెట్టారు. “పొయ్యికి కూడా పెడతాం లెండి” అన్నారు.

తూర్పు తెల్లబడుతుండగా స్విచ్చి వేశాను. మిల్లు మోటారు లేకపోవడంతో కరెంటు ఒడిదుడుకులు లేకుండా వచ్చింది. ఈ లాభం నేను ముందుగా ఊహించలేదు. పొగ కాలవ దాటి మొగిలిపాళెం వైపు పోయింది. మొదట చేపల కంపు, తర్వాత కుళ్ళాకు కంపు, ఆ తర్వాత వట్టి వేడి ఆవిరి. వాసన వచ్చిన వరస చూస్తే బొగ్గు ఎప్పుడు ఏం దాచుకుందో తెలుస్తోంది, ఆఖర్న దాచుకున్నది ముందు వదిలేసింది. గొట్టంలోంచి చూస్తే లోపల దానిమ్మ గింజల్లాంటి ఎరుపు. పొద్దెక్కి గాలి తిరగకముందే స్విచ్చి తీసి గొట్టం మూసేశాను.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. చల్లారకముందు మూత తీస్తే గాలి తగిలి మొత్తం భగ్గుమని బూడిదవుతుంది. ఎంతసేపు ఆగాలో లెక్క కట్టగలను గాని ఆగలేను. డ్రమ్ము మీద చెయ్యి పెట్టి తీశాను, మళ్ళీ పెట్టాను. రెడ్డిగారు చూసి చూసి, “గుడ్డు పొదిగే కోడికి కూడా నీకంటే ఓపిక ఉండాదయ్యా” అన్నారు. నన్ను మొదటిసారి నువ్వన్నారు. తన ఇంట్లో భోజనం పెట్టించి, కదలకుండా ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

సాయంత్రం మూత తీశాను. అంచుల్లో కొంత బూడిద, మిగతాది నల్లగా, పొడిగా, గలగలలాడుతోంది. సీసాలో బావినీళ్ళు పోసి, బొగ్గు వేసి, ఊపి, గుడ్డతో వడకట్టాను. నీళ్ళు తేటగా దిగాయి. సీసా పట్టుకుని కాలవ దాటి పరుగెత్తాను, ఈసారి బూట్లు మిల్లులోనే వదిలేసి.

చద్దన్నం

మర్నాడు తొట్టి నింపాం. మొదటి నీళ్ళు నల్లగా వచ్చాయి, తర్వాత తేటపడ్డాయి. రూతమ్మ ఒక లోటా తాగింది, నేను రెండు తాగాను. ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు గాని ఒక్కరూ బిందె పెట్టలేదు.

“కంటికి బాగుండాయి,” అంది పోలమ్మ. “నోటికీ బాగుండచ్చు. వండి చూడాల.”

ఇక్కడ కొత్త నీళ్ళను పరీక్షించే పద్ధతి ఇది: ఆ నీళ్ళతో అన్నం వండి, అవే నీళ్ళు పోసి ఉంచుతారు. తెల్లారి ఆ చద్దన్నం పచ్చబడినా, జిగురు సాగినా, వాసన కొట్టినా ఆ నీళ్ళు పనికిరావు. దీని మీద అప్పీలు లేదు. నేను సీసా చూపించాను. “సీసాలో కూడు తింటామా సారూ?” అంది. రూతమ్మ నవ్వింది గాని, ఆమె చేతులు కొంగును మెలిపెట్టడం నేను చూశాను. కమిటీ మనిషి నీళ్ళు చూడటానికి వచ్చేది మరుసటి రోజే.

తెల్లారి పోలమ్మ ఇంటి ముందు మేమిద్దరమే కాదు, పల్లె సగం ఉంది. ఆమె కుండ మూత తీసి వంగి వాసన చూసింది. మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపింది. ముద్ద చేసి నోట్లో పెట్టుకుని, సముద్రం వైపు చూస్తూ నమిలింది. రెండో ముద్ద కలిపింది. మూడోది కలుపుతూ కోడలి మీద కేకేసింది: “నిలబడి చూస్తా ఉండావేందే! ఉల్లిపాయ తే. ఆ బిందె తీసుకోని బావికాడికి పో, అందరూ పోకముందే!”

ఆ మాటతో జనం చెదిరిపోయారు. నేను బావి దగ్గరికి వెళ్ళేసరికి బిందెలు వరస కట్టి ఉన్నాయి. తొట్టిని ఒకసారి సరిచూద్దామని ముందుకు పోబోతే, “వరసలో రా సారూ!” అన్నారు. కమిటీ మనిషి కూడా వచ్చి వరసలోనే నిలబడి ఒక చెంబు నీళ్ళు తాగి, మంచాల మాట ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

ఈ బొగ్గు మళ్ళీ నిండుతుంది. అప్పుడు మళ్ళీ కాల్చాలి. కాల్చిన ప్రతిసారీ కొంత బూడిదవుతుంది. ఇవన్నీ రూతమ్మకు చెప్పి, డ్రమ్మునూ కడ్డీలనూ మిల్లులో వదిలి, ట్రాన్స్‌ఫార్మరు బండిలో వేసుకుని బయల్దేరాను. ఆమె రేవు దాకా వచ్చింది.

“కావలిలో ఆస్పత్రికని ఒక ఇల్లు మాట్లాడినారు సార్. ఆ ఇంటాయనకి చెప్పి పోండి, ఇంకెవరికన్నా ఇచ్చుకోమని.”

కావలి

ఇల్లు దొరికింది. ఇంటాయన నిచ్చెన మీద ఉన్నాడు, ముందు గోడకు సున్నం కొడుతున్నాడు. సంగతి చెప్పాను.

“వాళ్ళు రారా? సున్నం అంతా కొట్టించుకొని ఇప్పుడు చెప్తారా? ఏం, నా ఇల్లు నచ్చలేదా?”

“అది కాదండీ. అక్కడ నీళ్ళు బాగుపడ్డాయి.”

“ఆ బావి నీళ్ళు బాగుపడతాయా? ఎవరు చెప్పినారు మీకు?”

రంధ్రాల సంగతీ, కరెంటు సంగతీ ఎత్తబోయాను. పైనుంచి సున్నం చుక్క ఒకటి నా చొక్కా మీద పడింది. ఆయన కుంచె పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

“పోలమ్మ చద్దన్నం తినిందండీ. రెండో ముద్ద కూడా తినింది.”

ఆయన కుంచె డబ్బాలో పెట్టేశాడు. నిచ్చెన దిగుతూ, “తెల్లారిందాకా నిలిచిందా కూడు! అయితే ఇంక వాళ్ళెందుకొస్తారు?” అన్నాడు.